పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి



కడప జిల్లా మైదుకూరు చుట్టుపక్కల పల్లెల్లో బీపీ చూపించుకోవడం ఇప్పుడేమంత కష్టమైన పని కాదు. ఏఎన్ఎం చూస్తుంది, 104 బండి వచ్చినప్పుడు చూస్తారు, ప్రొద్దుటూరులో ఏ డాక్టరు దగ్గర చీటీ రాయించుకున్నా లోపలికి పంపేముందు నర్సు చేతికి పట్టీ చుడుతుంది. ఎక్కడైనా మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టే చూస్తారు. లేచి నిలబడ్డాక ఎంత ఉందో చూసేవాళ్లు అరుదు. ఆ రెండో కొలత లేకపోవడం వల్ల ఒక పెద్ద జబ్బు ఏళ్ల తరబడి నాలుగైదు చిన్న జబ్బులుగా చెలామణీ అవుతోందని, ఆ పొరపాటుకు రోగి పెద్ద మూల్యమే చెల్లిస్తున్నాడని నేను వాదించబోతున్నాను.

ఆ జబ్బు పేరు మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ. పొట్టిగా ఎం.ఎస్.ఏ. మెదడులోనూ వెన్నుపాములోనూ కొన్ని చోట్ల నాడీకణాలు క్రమంగా క్షీణించిపోతాయి. ముప్పై దాటాకే, ఎక్కువమందిలో యాభైల్లో మొదలవుతుంది. అంటుకునేది కాదు, సాధారణంగా వంశంలో దిగివచ్చేదీ కాదు. కొందరిలో పార్కిన్సన్స్ జబ్బులాగే కాళ్లూ చేతులూ బిగుసుకుపోయి నడక నెమ్మదిస్తుంది. ఇంకొందరు కల్లు తాగినవాళ్లలా తూలుతారు, మాట ముద్దముద్దగా వస్తుంది. ఈ రెంటితో పాటు, చాలాసార్లు వీటికంటే ముందే, మన ప్రమేయం లేకుండా నడిచే పనులు దెబ్బతింటాయి. రక్తపోటు, మూత్రం, మలం, చెమట, లైంగిక శక్తి, నిద్రలో ఊపిరి: వీటన్నిటినీ నడిపేది స్వయంచోదిత నాడీ వ్యవస్థ. 1960లో మిల్టన్ షై, గ్లెన్ డ్రేగర్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయే రోగుల్లో ఈ నాడీక్షయాన్ని వర్ణించారు. చాలాకాలం దాన్ని వాళ్ల పేరుతోనే పిలిచారు. నడక జబ్బుగా ఒకటి, తూలు జబ్బుగా ఒకటి, బీపీ జబ్బుగా ఒకటి విడివిడిగా పుస్తకాలకెక్కిన మూడూ నిజానికి ఒకటేనని 1969లో ఇంగ్లండులో గ్రాహం, ఓపెన్‌హైమర్ తేల్చి ఇప్పుడున్న పేరు పెట్టారు. 1989లో పాప్, లాంటోస్ సూక్ష్మదర్శినిలో మూడింటికీ ఉమ్మడి గుర్తును చూపించారు. నాడీకణాలకు ఆసరాగా ఉండే కణాల్లో ఒక పదార్థం పేరుకుపోతుంది. అది ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ అని 1998లో తెలిసింది. ముక్కలుగా కనిపించేదాన్ని ఒకటిగా చూడటానికి వైద్యశాస్త్రానికే దశాబ్దాలు పట్టింది.

మనిషి లేచి నిలబడిన క్షణాన అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్లలోకీ పొత్తికడుపులోకీ జారుతుంది. ఆరోగ్యవంతుడికి ఆ సంగతే తెలియదు. మెడ దగ్గరి రక్తనాళంలోనూ గుండె పైనున్న పెద్ద నాళంలోనూ ఒత్తిడిని కనిపెట్టే నాడులు వెంటనే మెదడు కింది భాగానికి కబురు పంపుతాయి. అక్కడినుంచి వెన్నుపాము మీదుగా ఆజ్ఞ వచ్చి కాళ్లలో, కడుపులో రక్తనాళాలు బిగుస్తాయి, గుండె మరింత వేగంగా కొడుతుంది. కె.సి. కాలువ ఆయకట్టు రైతులకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. లష్కరు వేళకు తూములు తిప్పకపోతే నీళ్లన్నీ పల్లపు చేలకే పోయి మెరక చేలు ఎండుతాయి. ఎం.ఎస్.ఏ.లో నాళాలు బాగానే ఉంటాయి, గుండె బాగానే ఉంటుంది. ఆజ్ఞ పంపే కణాలే మెదడు కాండంలోనూ వెన్నుపాములోనూ రాలిపోతాయి. అందుకే ఈసీజీ, ఎకో అన్నీ బాగున్నాయని రిపోర్టు వస్తుంది, మనిషి మాత్రం నిలబడలేడు. మైలు పరుగును నాలుగు నిమిషాల లోపు ముగించిన తొలి మనిషిగా 1954లో ప్రపంచమంతా మోగిన పేరు రోజర్ బానిస్టర్. ఆయన వృత్తిరీత్యా నరాల వైద్యుడు. తర్వాతి జీవితమంతా ఆయన పరిశోధించింది ఇలా నిలబడలేని రోగులనే. పరుగు కంటే ఆ పనికే ఆయన ఎక్కువ విలువ ఇచ్చాడు, లోకం మాత్రం పరుగునే గుర్తుపెట్టుకుంది.

మన దగ్గర ఈ లక్షణాలు ఏ దారిన పోతాయో చూద్దాం. లేస్తే కళ్లు బైర్లు కమ్ముతున్నాయంటే నీరసం అంటారు, సెలైన్ పెట్టిస్తారు. నిలబడితే మెడ వెనక, రెండు భుజాల మీద లాగేస్తోందంటే ఎక్స్‌రే తీసి మెడ ఎముకలు అరిగాయంటారు, మెడకు పట్టీ వేస్తారు. రక్తం చాలక ఆ కండరాలు నొప్పెడుతున్నాయనడానికి ఒక ఆనవాలుంది. నిలబడితే వచ్చే ఆ నొప్పి పడుకుంటే పోతుంది. మూత్రం ఆగి ఆగి వస్తే ప్రోస్టేట్ గ్రంథి, ఆడవాళ్లకు ఆపుకోలేకపోతే కాన్పుల వల్ల అంటారు. మలబద్ధకానికి గ్యాసు మాత్ర. మగతనం తగ్గిందంటే షుగరు వల్లనో వయసు వల్లనో అనుకుని ఊరుకుంటారు, ఊరుకోలేనివాళ్లు బస్టాండు గోడల మీది ప్రకటనలు చూసి పోతారు. రాత్రి నిద్రలో కేకలు వేసి కాళ్లు తన్నుకుంటుంటే దయ్యం కల అంటారు, దానికి డాక్టరు దగ్గరికే పోరు. ఒక్కో వివరణా విడిగా చూస్తే తప్పు కాదు. ఈ లక్షణాల్లో ఏ ఒక్కటైనా నూటికి తొంభై తొమ్మిది మందిలో ఎం.ఎస్.ఏ. కాదు. కానీ యాభై అయిదేళ్ల మనిషిలో మూడు నాలుగు కలిసి రెండు మూడేళ్ల వ్యవధిలో వచ్చినప్పుడు వాటిని ఒక తాటి మీద పెట్టే పని ఎవరో ఒకరు చేయాలి. చవకగా, ఊళ్లోనే చేయగలిగిన ఆ పని నిలబెట్టి బీపీ చూడటం.

పద్ధతి ఇది. మనిషిని మంచం మీద అయిదు నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి బీపీ, నాడి రాసుకోవాలి. తర్వాత లేపి నిలబెట్టి, పక్కన ఒకరు పట్టుకునేందుకు సిద్ధంగా ఉండి, ఒకటో నిమిషంలో ఒకసారి, మూడో నిమిషంలో ఒకసారి చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే అది లెక్కలోకి వచ్చే తగ్గుదల. ఉదాహరణకు ఒక మనిషికి కూర్చుంటే 128/80 ఉందనుకుందాం, దానికి ఎవరూ వంక పెట్టరు. అదే మనిషికి పడుకుంటే 152/88, నాడి 72. నిలబడిన మూడో నిమిషానికి 98/60, నాడి 78. పై అంకె 54 పడింది, నాడి 6 మాత్రమే పెరిగింది. అసలు కథంతా ఈ ఆరులో ఉంది. విరేచనాలైనా, ఎండలో నీళ్లు తాగకపోయినా బీపీ పడుతుంది, కానీ నరాలు బాగుంటే గుండె దడదడా కొట్టి సర్దుకోవాలని చూస్తుంది. పడిన అంకెలో సగమైనా నాడి పెరగకపోతే లోపం నరాల్లో ఉందని అనుమానించవచ్చునని 2018లో వచ్చిన పరిశోధన చెప్పింది. ఈ లెక్కకు కావలసిన రెండు అంకెలూ ఇవాళ మందుల షాపులో దొరికే డిజిటల్ మిషనే చూపిస్తుంది. కొందరికి బీపీ మూడు నిమిషాల తర్వాత, పది నిమిషాల లోపు మెల్లగా పడుతుంది. లక్షణాలు బలంగా ఉంటే ఒక్కసారి బాగుందని వదిలేయకూడదు.

ఈ కొలత ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి బలమైన సాక్ష్యం బీపీ వార్డు నుంచి రాలేదు, మూత్రాశయ వైద్యం నుంచి వచ్చింది. 1994లో లండన్ వైద్యులు 62 మంది ఎం.ఎస్.ఏ. రోగుల చరిత్రలు తిరగేశారు. మగవాళ్లలో నూటికి 43 మందికి అసలు జబ్బు తేలకముందే ప్రోస్టేటుకో, మూత్రాశయం మెడకో ఆపరేషన్ జరిగిపోయింది, ప్రయోజనం మాత్రం లేదు. ఆడవాళ్లలో నూటికి 57 మంది దగ్గినా తుమ్మినా మూత్రం ఆపుకోలేని స్థితిలో ఉన్నారు, వాళ్లలో సగం మందికి ఆపరేషన్ అయింది. లండన్‌లోనే అలా జరిగింది. ఎం.ఎస్.ఏ.లో మూత్రసంచిని పిండే నరమూ పోతుంది, సంచి మూతిని బిగించి ఉంచే కండరానికి వచ్చే నరమూ పోతుంది. ఒకవైపు సంచి ఖాళీ కాదు, ఇంకోవైపు మూతి బిగుసుకోదు. అలాంటి చోట గ్రంథిని చెక్కేస్తే ఉన్న కాస్త అడ్డూ పోయి, ఆగి ఆగి వచ్చే మూత్రం ఆగకుండా కారడం మొదలవుతుంది. పైగా గ్రంథికి రాసే టామ్సులోసిన్ లాంటి మాత్రలు బీపీని ఇంకా పడగొడతాయి. మూత్రం పోసివచ్చాక సంచిలో ఎంత మిగిలిందో ప్రొద్దుటూరులో ఏ స్కానింగ్ సెంటరైనా చూసి చెబుతుంది. గ్రంథి పెద్దగా లేకుండానే 100 మిల్లీలీటర్లు దాటి మిగులుతోంటే, కత్తి పట్టకముందు మనిషిని నిలబెట్టి ఒకసారి బీపీ చూడమని అడగడం రోగి హక్కు.

దీనికి వచ్చే మొదటి ఆక్షేపణ, ఇంత అరుదైన జబ్బు కోసం అందరినీ లేపి నిలబెట్టాలా అని. జబ్బు అరుదే. పాశ్చాత్య దేశాల లెక్కల్లో లక్షకు నలుగురైదుగురు. అదే లెక్క ఇక్కడా నడుస్తుందనుకుంటే 2011 జనాభా ప్రకారం 28 లక్షల పైచిలుకున్న పాత కడప జిల్లాకంతా నూరు మందికి కాస్త పైన. వాళ్లకోసమే అయితే ఆక్షేపణలో న్యాయం ఉంది. కానీ నిలబెట్టి చూసిన బీపీ ఆ నూరు మందికే పనికొచ్చేది కాదు. షుగరు పదిహేనేళ్లుగా ఉన్నవాళ్లకు నరాలు దెబ్బతిని ఇదే పడిపోవడం ఉంటుంది. రెండు మూడు రకాల బీపీ మాత్రలు మింగే ముసలివాళ్లకు మాత్రల వల్లే ఉంటుంది. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ ఎందరో అవ్వలు, తాతలు కాలు జారి పడ్డామంటారు. కాలు జారిందా, కళ్లు చీకట్లు కమ్మి పడ్డారా అని ఎవరూ అడగరు. అందరినీ నిలబెట్టమని నేనూ అనను. లేస్తే తల తిరుగుతోందన్నవాళ్లను, ఊరికే పడిపోతున్నవాళ్లను, షుగరుతో పాతబడ్డవాళ్లను, వణుకు జబ్బుకు మందు వాడుతున్నవాళ్లను నిలబెడితే చాలు. డాక్టరుకు తీరికలేదన్న మాటకూ ఇదే జవాబు. ఇది డాక్టరు చేయాల్సిన పని కాదు, బయట కూర్చున్న నర్సు చేయగలది.

రెండో ఆక్షేపణ నిపుణుల నుంచి వస్తుంది, దానికి బరువు ఎక్కువ. బీపీ పడింది, మూత్రం ఆగింది అని ఎం.ఎస్.ఏ. ముద్ర వేస్తే అదీ పొరపాటే కదా అని. నిజమే. 2015లో అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు, బతికుండగా ఎం.ఎస్.ఏ. అని తేల్చిన 134 మంది మెదళ్లను మరణానంతరం పరీక్షిస్తే 83 మందిలోనే ఆ జబ్బు కనిపించింది. మిగతావాళ్లలో పార్కిన్సన్స్, దానికి దగ్గరి ఇతర జబ్బులు. అలా పొరబడ్డ చోట్ల చాలావాటికి కారణం ఈ స్వయంచోదిత లక్షణాలే. అమెరికాలోనే అలా ఉంటే మైదుకూరులో నర్సు చూసిన అంకెతో జబ్బు పేరు ఖాయం చేయడం కుదిరే పని కాదు. 2022లో మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ కొత్త ప్రమాణాలు ఇచ్చింది. స్వయంచోదిత లోపంతో పాటు నడక, తూలు లక్షణాలు, కొన్ని అదనపు ఆనవాళ్లు, ఎమ్మారైలో మెదడు కాండం, చిన్నమెదడు కుంచించుకుపోవడం లాంటి గుర్తులు కలిపి చూడమంది. అది న్యూరాలజిస్టు పని. కర్నూలు పెద్దాసుపత్రికో, తిరుపతి స్విమ్స్‌కో, హైదరాబాదు నిమ్స్‌కో, బెంగళూరు నిమ్హాన్స్‌కో పోవాల్సిందే. నిలబెట్టి చూసిన అంకె పని తీర్పు చెప్పడం కాదు, ఆ రోగిని ఎముకల డాక్టరు దారి నుంచి, ఆపరేషన్ బల్ల దారి నుంచి తిప్పి నరాల డాక్టరు దారి పట్టించడం. పార్కిన్సన్స్‌కు పనిచేసే లెవోడోపా ఎం.ఎస్.ఏ.లో చాలామందికి సరిగా పట్టదు, పట్టినా ఎక్కువకాలం నిలవదు. అది బీపీని తగ్గించగలదు కూడా. దూలగొండి గింజల పొడి నాటుమందు కదా, ఏమీ చేయదని వాడేవాళ్లు ఈ మాట వినాలి. ఆ గింజల్లో ఉన్నదీ లెవోడోపాయే.

ఇక మూడోది ఇంట్లోవాళ్లు అడిగేది, అన్నింటికంటే చేదైనది. నయం కాని జబ్బుకు పేరు తెలిసి ఏం లాభం? జబ్బు నడకను ఆపే మందు ఇవాళ్టికి లేదు. లక్షణాలు మొదలైన దగ్గర్నుంచి సగటు ఆయుర్దాయం ఆరు నుంచి పదేళ్లు, కొందరు అంతకు మించి బతుకుతారు. అయినా ఆ ఏళ్లు ఎలా గడుస్తాయన్నది మన చేతుల్లో కొంత ఉంది. తెల్లవారుజామున మరుగుదొడ్డి సంగతే తీసుకోండి. ఈ రోగులకు రాత్రంతా పడుకున్నప్పుడు బీపీ ఎక్కువగా ఉండి ఒంట్లో నీరూ ఉప్పూ మూత్రంగా పోతాయి, కాబట్టి రోజు మొత్తంలో బీపీ బాగా పడిపోయే వేళ తెల్లవారుజామే. ఆ వేళకే లేచి, మలబద్ధకంతో గొంతుక్కూర్చుని ముక్కి, ఒక్కసారిగా పైకి లేస్తారు. గొంతుక్కూర్చుంటే కాళ్లలో రక్తం పైకి నెట్టబడి బీపీ నిలబడుతుంది, లేవగానే కుప్పకూలుతుంది. గడియ పెట్టిన తలుపు లోపల పడితే చూసేవాళ్లు కూడా ఉండరు. నిద్ర లేవగానే మంచం మీదే కూర్చుని అర లీటరు చల్లటి నీళ్లు గబగబా తాగి, పది నిమిషాలు ఆగి కాళ్లు కింద పెడితే చాలామందికి గంటకు పైగా బీపీ నిలబడుతుంది. కుర్చీ దొడ్డి, గోడకు పట్టుకునే కడ్డీ, గడియ లేని తలుపు పెద్ద ఖర్చు కాదు.

తిండి సంగతి కూడా ఇలాంటిదే. పెద్ద సంగటి ముద్ద ఒక్కసారే తింటే రక్తం కడుపు వైపు పోయి రెండు గంటల దాకా బీపీ పడుతుంది. కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు తినాలి. ఒక్కపొద్దయినా రోజా అయినా ఈ రోగులకు ప్రమాదమే, మతపెద్దలూ కాదనరు. మన ఎండాకాలం మరీ కష్టం. చెమట పట్టించే నరాలు పోయినవాడు మే నెల మధ్యాహ్నం అందరూ తడిసి ముద్దవుతుంటే పొడి చొక్కాతో ఉంటాడు, ఒళ్లు మాత్రం కాలిపోతుంటుంది. చెమట చేయాల్సిన పని తడిగుడ్డ చేయాలి. దుస్తులు తడిపి మనిషిని ఫ్యాను కింద కూర్చోబెడితే ఒళ్లు చల్లబడుతుంది. పొత్తికడుపుకు బిగుతైన బెల్టు లేచేముందు కట్టి పడుకునేముందు విప్పాలి. వీటి తర్వాతే బీపీని నిలబెట్టే మిడోడ్రిన్, ఫ్లూడ్రోకార్టిసోన్ లాంటి మందులు. మూత్రం మిగిలిపోతుంటే సన్నటి గొట్టంతో రోజుకు కొన్నిసార్లు తీసేయడం రోగికో ఇంట్లోవాళ్లకో నేర్పిస్తారు, దాంతో మాటిమాటికీ వచ్చే ఇన్ఫెక్షన్లు, జ్వరాలు తగ్గుతాయి.

ఉప్పు మాట ఎత్తగానే శ్రోతలు ఉలిక్కిపడతారని తెలుసు. ఇన్నేళ్లూ ఉప్పు తగ్గించమని చెప్పి ఇప్పుడు వేసుకోమంటారా అని. బీపీ ఎక్కువున్న మామూలు మనిషికి తగ్గించమన్న మాటలో మార్పు లేదు. నరాలు చెడి నిలబడితే పడిపోతుందని తేలిన రోగికి, గుండె, మూత్రపిండాలు బాగుంటే, డాక్టరు చెప్పిన మేరకు ఉప్పు వేసిన మజ్జిగ మందు లాంటిదే. ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని దాచకూడదు. ఈ రోగుల్లో సగం మందికి దగ్గరగా నిలబడితే పడిపోయే బీపీయే పడుకుంటే విపరీతంగా పెరుగుతుంది. పడుకున్నప్పుడు చూసిన డాక్టరు బీపీ మాత్ర పెంచుతాడు, మర్నాడు రోగి పడిపోతాడు. నిలబడినప్పుడు చూసిన డాక్టరు మిడోడ్రిన్ పెంచుతాడు, ఆ రాత్రి బీపీ 180 దాటుతుంది. రెండు కొలతలూ ఒకే కాగితం మీద ఉంటే తప్ప ఈ వైద్యం నడవదు. మిడోడ్రిన్ ఆఖరి మాత్ర పడుకోవడానికి నాలుగు గంటల ముందే వేసుకోవాలి, పగలు కూడా వెల్లకిలా పడుకోకూడదు. రాత్రి మంచానికి తలవైపు కోళ్ల కింద రెండు మూడు ఇటుకలు పెట్టి ఎత్తు చేయాలి. దిండ్లు పేరిస్తే చాలదు, మంచమే వాలుగా ఉండాలి. వేసవిలో మిద్దె మీద చాప పరుచుకుని చదునుగా పడుకునే అలవాటు వీళ్లకు పనికిరాదు.

రాత్రి గురించి ఇంకొక్కటి. ఎం.ఎస్.ఏ. ముదిరే కొద్దీ కొందరికి స్వరతంత్రులు సరిగా విప్పుకోక, నిద్రలో గాలి లోపలికి పీల్చేటప్పుడు సన్నగా, కీచుగా శబ్దం వస్తుంది. పెద్ద గురకే కదా అని ఇంట్లోవాళ్లు ఊరుకుంటారు. గురక బొంగురుగా ఉంటుంది, ఇది పిల్లవాడి ఈలలా ఉంటుంది. నిద్రలోనే ప్రాణం పోయే ప్రమాదం దీనివల్ల పెరుగుతుంది, ముఖానికి మాస్కుతో గాలి అందించే యంత్రమో, గొంతుకు రంధ్రమో అవసరం కావచ్చు. రోగి మెలకువగా కూర్చున్నప్పుడు డాక్టరుకు ఆ శబ్దం వినిపించదు. కాబట్టి కర్నూలుకో తిరుపతికో బయల్దేరేవాళ్లు ఆ శబ్దాన్ని సెల్‌ఫోనులో రికార్డు చేసుకోండి. ఒక వారం రోజులపాటు పొద్దునా సాయంత్రం పడుకున్నప్పటి, నిలబడినప్పటి బీపీ, నాడి, టైముతో సహా కాగితం మీద రాసుకోండి. వాడుతున్న మాత్రల పేర్లు నోటితో చెప్పడం కాదు, అట్టలే సంచిలో వేసుకుపోండి. గ్రంథికని ఎవరో రాసిన మాత్ర, నిద్రకని ఇంకెవరో రాసిన మాత్ర అన్నీ అందులో ఉండాలి. మూత్రం, మలం, మగతనం సంగతులు ఆడవాళ్ల ముందు, పిల్లల ముందు చెప్పుకోలేకపోతే అవీ కాగితం మీదే రాసి ఇవ్వండి.